తుప్పు: పైకి చిటికెన వేలంత, లోపల అరచేయంత

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం తుప్పు గురించే. వానలు తగ్గి ఎండ మొహం చూపించగానే అందరూ బండి కడుగుతారు, చుట్టూ ఒకసారి తిరిగి చూస్తారు. పొక్కులు కనిపించేది అప్పుడే. ఇచ్ఛాపురంలో కార్ల రేకు పని, రంగు పని చేసే నా షెడ్డుకి కూడా ఏటా ఈ రోజుల్లోనే రద్దీ.

నేను ఈ పని బరంపురంలో నేర్చుకున్నాను, 1980ల చివర్లో. మొదటి రెండేళ్లూ ఉప్పుకాగితం పట్టడమే నా ఉద్యోగం. మా ఉస్తాదు ఒడియా ఆయన. ఒడియాలో తుప్పును కళంకి అంటారు. ఏ బండి వచ్చినా ఆయన ముందు కళంకి వైపు చూసేవారు కాదు. "ఈ బండిలో నీళ్లు ఎక్కడ నిలుస్తున్నాయి?" అని అడిగేవారు. నాకు తెలిసిన తుప్పు పని అంతా ఆ ఒక్క ప్రశ్న నుంచి వచ్చిందే. ఈసారి జవాబులు కూడా అక్కడి నుంచే మొదలుపెడతాను.

*

ప్రశ్న: మాది 2005 మారుతి 800, తెల్ల రంగు. ఇల్లు గోపాలపూర్‌లో, సముద్రానికి అర కిలోమీటరు. వెనక చక్రం పైన అంచులో పెయింటు పొక్కులు లేచింది, ఒక్కోటి కందిగింజంత. డ్రైవరు డోరు అడుగున గోధుమ రంగు చార కారుతోంది. అడిగిన చోటల్లా మొత్తం బండికి పెయింటు వెయ్యాలంటున్నారు. పెన్షన్ మీద బతికేవాణ్ణి, అంత పెట్టలేను. ఇంటి దగ్గర నేనే చేసుకోగలనా?
— రిటైర్డ్ మాస్టారు, గోపాలపూర్

జవాబు: చేసుకోగలరు మాస్టారూ. మీరు రాసినంత వరకే ఉంటే మొత్తం బండికి రంగు అక్కర్లేదు. కాకపోతే పొక్కు చూసి తుప్పు అంతే అనుకోకండి. ఇనుము తుప్పుగా మారితే రెండింతలకు పైగా చోటు తీసుకుంటుంది. ఆ చోటు చాలకే పైనున్న పెయింటును పైకి లేపుతుంది. అంటే పొక్కు లేచేసరికే అడుగున పని చాలా దూరం వెళ్లి ఉంటుంది. పైకి చిటికెన వేలంత కనిపిస్తే, గోకాక అరచేయంత బయటపడటం నేను రోజూ చూసేదే.

మీ ఇంటి దగ్గర గాలిలోనే ఉప్పు ఉంది. ఉప్పు గాల్లో తేమను పట్టి ఉంచుతుంది, ఆ తడిలో కరెంటు సులువుగా పారుతుంది, తుప్పు పట్టడమంటే అసలు అదే కదా, రేకు మీద ఒక చోటి నుంచి ఇంకో చోటికి నడిచే చిన్న కరెంటు. అందుకే సముద్రానికి దూరంగా ఉన్న ఆస్కాలో పదేళ్లు పట్టే తుప్పు మీ వీధిలో చాలా ముందే కనిపిస్తుంది.

ముందు డోరు సంగతి చూడండి, అదే ముఖ్యం. అద్దం పక్క రబ్బరు లోంచి వాన నీళ్లు డోరు లోపలికి దిగడం మామూలే, ఏ కారుకైనా అంతే. ఆ నీళ్లు పోవడానికి డోరు అడుగు అంచున చిన్న చిన్న రంధ్రాలు ఉంటాయి. డోరు తీసి, నేల మీద కూచుని, కింది నుంచి చూడండి. ఇసుక, ఆకుల పొడి కలిసి అవి మూసుకుపోయి ఉంటాయి. కొబ్బరి ఈనె ఒకటి తీసుకుని మెల్లగా పొడవండి. ఇనుప తీగ వద్దు, లోపలి పెయింటును గీరేస్తుంది. నీళ్లు బొటబొటా కారితే మీ చారకి కారణం దొరికినట్టే.

2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను మీ గోపాలపూర్ దగ్గరే తీరం దాటింది. ఆ చలికాలమంతా మా షెడ్డుకి డోర్లు కుళ్లిన బండ్లే. ఒక తెల్ల బండి డోరు లోపలి అట్ట ఊడదీసి చెయ్యి పెట్టాను. పిడికెడు సముద్రపు ఇసుక వచ్చింది, తుపాను పోయి రెండు నెలలైనా ఇంకా చెమ్మగానే ఉంది. వేళ్ల మధ్య నలిపితే ముద్ద కట్టింది. పైన పెయింటు మాత్రం అద్దంలా మెరుస్తోంది. అప్పటి నుంచి తీరం బండి వస్తే డోరు అడుగు చూడకుండా నేను రంగు డబ్బా మూత తియ్యను.

ఇక చక్రం పైన అంచు. మడ్‌గార్డు అంచు లోపలికి మడిచి ఉంటుంది, ఆ మడతలో బురద గూడు కట్టుకుంటుంది. లోపలి వైపు వేలు పెట్టి ఆ బురద అంతా తీసి, మంచినీళ్లతో బాగా కడగండి. ఒక రోజంతా ఎండనివ్వండి. తర్వాత పాత స్క్రూడ్రైవరు కొనతో పొక్కుల మీద గట్టిగా ఒత్తండి. రేకు గట్టిగా నిలబడితే పని మీదే. కొన లోపలికి దిగిపోతే అక్కడితో ఆపేసి షెడ్డుకి తీసుకెళ్లండి. అక్కడ కుళ్లిన రేకు కోసి కొత్త ముక్క వెల్డింగు చెయ్యాలి, దానికి వేరే దారి లేదు.

గట్టిగా ఉందనుకుందాం. చుట్టూ టేపు, పాత పేపర్లు అతికించి, 80 నంబరు ఉప్పుకాగితంతో పొక్కు ఉన్నచోటు రుద్దండి. తెల్లగా మెరిసే ఇనుము కనిపించాలి. అంతే కాదు, ఆ ఇనుము చుట్టూ పెయింటు రేకును గట్టిగా పట్టుకుని ఉన్న చోటు దాకా వెళ్లాలి. ఇక్కడే అందరికీ మనసొప్పదు. చిన్న మచ్చ పెద్దదవుతోందని భయపడి మధ్యలో ఆపేస్తారు. ఆపకండి. తుప్పు అంచు ఒక్క గీత మిగిలినా మళ్లీ వానాకాలానికి అదే చోట లేస్తుంది. తర్వాత 180 నంబరుతో పెయింటు అంచుని వాలుగా దించండి. కళ్లు మూసుకుని వేలి కొనతో తడిమితే ఎక్కడా మెట్టు తగలకూడదు. కంటి కంటే వేలే నిజం చెబుతుంది.

మెరిసే ఇనుములో నల్లటి చుక్కలు సూదిమొనల్లా మిగిలిపోతాయి. కాగితం వాటి లోపలికి దిగదు. వాటికే రస్ట్ కన్వర్టర్ వాడాలి. ఇవి ఎక్కువగా ఫాస్ఫారిక్ ఆమ్లంతోనో, టానిక్ ఆమ్లంతోనో చేస్తారు, మిగిలిన తుప్పుని కదలని పొరగా మారుస్తాయి. చేతికి గ్లౌజులు, కళ్లకు అద్దాలు పెట్టుకోండి. కొన్ని రకాలు పూశాక కడగాలి, కొన్ని కడగకూడదు. డబ్బా మీద ఏం రాసి ఉంటే అదే చెయ్యండి. కడగాల్సిన దాన్ని కడగకుండా ప్రైమరు కొడితే ఆ ప్రైమరే ఊడొస్తుంది.

ప్రైమరు అదే రోజు పడాలి. మీ గాలిలో ఉత్త ఇనుముని రాత్రంతా వదిలేస్తే తెల్లారేసరికి ఎర్రటి పొడ కమ్మేస్తుంది, మొదటికొస్తారు. రెండు భాగాలు కలిపే ఎపాక్సీ ప్రైమరు దొరికితే అన్నిటికన్నా మంచిది. కలిపే కొలత డబ్బా మీద ఉంటుంది. కిటికీ గ్రిల్లుకి వేసే రెడ్ ఆక్సైడ్ ఇంట్లో ఉంది కదా అని అది వేయకండి. దాని మీద కారు పెయింటు కొడితే థిన్నరు తగిలి ముడతలు పడి లేచిపోతుంది.

గుంత ఉంటేనే పుట్టీ. అదీ ప్రైమరు మీద, పలచగా. గట్టిపడటానికి కలిపే హార్డెనరు నూటికి రెండు వంతులు, అంటే 100 గ్రాముల పుట్టీకి 2 గ్రాములు. త్వరగా గట్టిపడుతుందని ఎక్కువ కలిపితే తర్వాత ఆ హార్డెనరు రంగు పెయింటు పైకి ఊరుతుంది. పుట్టీని నీళ్లు పోసి రుద్దకండి, పొడిగానే రుద్దండి. పుట్టీ నీళ్లు పీలుస్తుంది, ఆ నీళ్లు నేరుగా ఇనుముకి చేరతాయి. పుట్టీ మీద మళ్లీ ప్రైమరు, ఎండాక 600 నంబరు వాటర్ పేపరుతో మెత్తగా రుద్దడం.

ఇక రంగు. ఉదయం మంచు ఆరాక, పదింటికి మొదలుపెట్టి, మధ్యాహ్నం సముద్రపు గాలి లేవకముందే ముగించండి. మబ్బు, ఉక్క ఉన్న రోజు అస్సలు వద్దు, పెయింటు పాలిపోయి తెల్లటి మసక కడుతుంది. స్ప్రే క్యాను రేకుకి జానెడు కంటే కాస్త ఎక్కువ దూరంలో పట్టుకుని, చెయ్యి ఆపకుండా, పలచటి పూతలు మూడు. పూతకీ పూతకీ పది నిమిషాలు. ఒకే పూతలో కప్పేయాలని చూస్తే కారిపోతుంది. టేపు అంచుని వెనక్కి మడిచి అతికించండి, లేకపోతే కొత్త రంగుకీ పాత రంగుకీ మధ్య గీత గీసినట్టు కనిపిస్తుంది.

పైన క్లియరు, అంటే రంగు మీద వేసే రంగులేని మెరుపు పూత, కొట్టాలా అన్నది ఇలా తెలుసుకోండి. కనిపించని చోట రబ్బింగ్ కాంపౌండుతో, అంటే పెయింటుకి మెరుగు పెట్టే ముద్దతో, గుడ్డ పెట్టి రుద్దండి. గుడ్డకి తెలుపు అంటితే మీ పెయింటుకి క్లియరు లేదు, కొట్టనక్కర్లేదు. అంటకపోతే ఉన్నట్టే. వారం ఆగి, కొత్త చోటుని అదే కాంపౌండుతో సుతారంగా పాతదాంతో కలపండి. నెల రోజుల దాకా మైనం పాలిష్ పెట్టకండి.

తెలుపు మీ అదృష్టం మాస్టారూ. రంగులు అతకడంలో తెలుపంత సహకరించేది ఇంకోటి లేదు.

*

ప్రశ్న: నాన్నగారి పాత జెన్ ఇప్పుడు నేను నడుపుతున్నాను. సిల్వర్ కలర్. బానెట్ మీద రాళ్లు తగిలి పది పన్నెండు చోట్ల పెయింటు ఎగిరింది. డోరు మీద ఎవరో తాళంచెవితో గీశారు. టచప్ సీసా కొని బ్రష్షుతో పూస్తే నల్లగా మచ్చల్లా తేలింది. తుడిచేశాను. ఏం చెయ్యను?
— డిగ్రీ విద్యార్థిని, పర్లాకిమిడి

జవాబు: తల్లీ, తుడిచెయ్యడం మంచి పని చేశావు. సిల్వర్‌లో అల్యూమినియం రేకు పొడి ఉంటుంది. స్ప్రే గన్నుతో కొడితే ఆ పలుకులు పరుచుకుని పడుకుంటాయి, వెలుగు తిరిగొస్తుంది. బ్రష్షుతో రాస్తే నిలువుగా, అడ్డంగా చెదిరి నిలబడతాయి, నల్లగా కనిపిస్తుంది. తప్పు నీ చేతిది కాదు.

మొదట కలర్ కోడ్ సరిపోయిందా చూడు. బానెట్ ఎత్తితే ఇంజను గదిలో కంపెనీ ప్లేటు ఉంటుంది, దాని మీద కోడ్ ఉంటుంది. సిల్వర్ అన్నంత మాత్రాన అన్నీ ఒకటి కాదు. కోడ్ సరిపోయినా ఇరవై ఏళ్లు ఎండకి కాగిన పెయింటు కొంచెం మారుతుంది, అందుకే పెట్రోలు మూత లోపల కాకుండా, ఎండ తగిలే చోటే ఒక చుక్క పెట్టి ఆరనిచ్చి చూడు. తడి మీద రంగు వేరుగా ఉంటుంది.

రాయి తగిలిన చోట్లకి బ్రష్షు పెద్దది. అగ్గిపుల్ల కొన చెక్కి, సీసాని రెండు నిమిషాలు బాగా కుదిపి, పుల్ల కొనకి అంటినంత చుక్కని గుంత మధ్యలో తాకించి వదిలెయ్. దానంతట అదే పరుచుకుంటుంది. గుంత అంచు దాటకూడదు. అడుగున ఎర్రగా తుప్పు చుక్క కనిపిస్తే ముందు సూదిమొనతో గీకి, కన్వర్టర్ ఒక చుక్క, ఆరాక ప్రైమరు ఒక చుక్క. రంగు ఒకేసారి నింపొద్దు, రోజుకో చుక్క చొప్పున మూడు రోజులు. చివర క్లియరు. వారం తర్వాత 2000 నంబరు వాటర్ పేపరు చిన్న ముక్క సబ్బు నీళ్లలో తడిపి చుక్క నెత్తి మీద మాత్రం సమం చెయ్.

పూర్తిగా మాయం అవుతుందని నేను మాటివ్వను. అడుగు దూరం నుంచి కనిపిస్తుంది, ఆరడుగుల నుంచి కనిపించదు. దీని అసలు ఉపయోగం ఇనుము మీద మూత పడటమే.

డోరు మీద గీతకి గోరు పరీక్ష చెయ్. గోరు అడ్డంగా లాగితే తగలకపోతే అది క్లియరు పైనే ఉంది, రబ్బింగ్ కాంపౌండుతో పోతుంది. తగిలితే కింది పొరల దాకా దిగింది. అంత పొడుగు గీతకి సిల్వర్‌లో చెయ్యి పెట్టకమ్మా, ఆ డోరు ఒక్కటీ షెడ్డులో గన్నుతో కొట్టించు. హార్డెనరు కలిపే క్లియరులో ఐసోసైనేట్లు అనే రసాయనాలు ఉంటాయి, ఊపిరితిత్తులకి చెడ్డవి. గుడ్డ కట్టుకుని ఇంటి వరండాలో కొట్టే పని కాదు అది.

*

ప్రశ్న: వాన పడితే డ్రైవరు కాళ్ల దగ్గర మ్యాటు తడుస్తోంది. ఎత్తి చూస్తే నేల రేకులో అర్ధరూపాయంత కన్నం. తెలిసినాయన ఎం-సీల్ పెట్టి, పైన ఫైబర్ గుడ్డ అతికించి, నల్ల రంగు కొట్టేస్తే చాలంటున్నాడు. నిజమేనా?
— కంచిలి నుంచి ఒక పాఠకుడు

జవాబు: వద్దు తమ్ముడూ. దీని గురించి నా సంగతే చెప్పాలి.

నేను సొంత షెడ్డు పెట్టిన కొత్తలో ఒక బండి వచ్చింది. వాళ్లింట్లో పెళ్లి, నాలుగు రోజులే టైము. కాళ్ల కింద రేకు కుళ్లింది. కోసి వెల్డింగు చేస్తే వారం పడుతుంది. నేను నువ్వు చెప్పిన పనే చేశాను, పైన రంగు కొట్టి మ్యాటు పరిచాను. ఆయన సంతోషపడి డబ్బులిచ్చి వెళ్లాడు. తర్వాతి వానాకాలం ఆయన బండి తెచ్చి, ఏమీ అనకుండా మ్యాటు ఎత్తి చూపించాడు. కన్నం అర్ధరూపాయంతది కాస్తా సీటు బోల్టు దాకా పాకింది. నేను పెట్టిన ముద్ద ఊడి, దాని కింద నీళ్లు నిలిచి ఉన్నాయి. ఆ ముద్దే నీళ్లకి తొట్టి అయింది. ఆ సీటు ఊగుతుంటే అందులో ఆయన తన తల్లిని కూచోబెట్టి తిప్పాడు, ఏడాదంతా. డబ్బు తీసుకోకుండా రేకు మార్చి ఇచ్చాను కానీ, ఆ సంగతి తల్చుకుంటే ఇప్పటికీ నాకు మనసు బాగుండదు.

సీటు బోల్టులు, సీటు బెల్టు పట్టుకున్న చోట్లు, డోరు కింద పొడుగునా ఉండే గడప, చక్రం స్ప్రింగు కూచునే కప్పు, వీటికి తుప్పు పడితే అది అందం సమస్య కాదు, ప్రాణం సమస్య. ఇంటి పని పనికిరాదు. షెడ్డులో మంచి రేకు వచ్చేదాకా కోయించి, కొత్త ముక్క వెల్డింగు చేయించు. వెల్డింగుకి ముందు బ్యాటరీ తీగ తీయించు, మ్యాట్లు, సీటు బయట పెట్టించు. పెట్రోలు పైపు ఎటు వెళ్తోందో మిస్త్రీ చూశాడో లేదో నువ్వు దగ్గరుండి అడుగు.

అంతకంటే ముందు నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో పట్టుకో. ఒకరు లోపల టార్చితో కూచోవాలి, ఒకరు బయట ముందు అద్దం రబ్బరు మీద పైపుతో మెల్లగా నీళ్లు పట్టాలి, కింది అంచు నుంచి మొదలుపెట్టి పైకి. నేను చూసినవాటిలో ఎక్కువ అద్దం రబ్బరు మూల దగ్గరే దొరికాయి. కొన్ని బానెట్ వెనక, ముందు అద్దం కింద గాలి లోపలికి వెళ్లే తొట్టిలో ఆకులు నిండిపోయి వచ్చినవి.

*

ప్రశ్న: మాకు సముద్రం లేదు. అయినా అండర్‌బాడీ కోటింగ్, అంటే బండి అడుగున నల్ల పూత, చేయించమంటున్నారు. కొందరు వాడేసిన ఇంజన్ ఆయిల్ పూస్తే చాలంటున్నారు.
— రాయగడ

జవాబు: ఉప్పు లేకపోయినా మీకు వాన, ఎర్రబురద ఉన్నాయి. కోటింగ్ మంచిదే, శుభ్రంగా కడిగి, పూర్తిగా ఆరాక, ఉన్న తుప్పు తీశాక వేస్తే. బురద మీద, తుప్పు మీద నల్ల పూత కొడితే తేమను లోపలే పెట్టి సీలు వేసినట్టు అవుతుంది. పాత బండికి ఆ పని చేసేముందు లిఫ్టు మీద ఎక్కించి మీరే కళ్లారా చూడండి. నీళ్లు పోయే రంధ్రాలకి పూత అడ్డం పడకూడదు, ఈ మాట ముందే చెప్పండి.

వాడిన ఆయిల్ మాత్రం వద్దు. రబ్బరు బుష్షులు ఉబ్బి పాడవుతాయి, బ్రేకు మీద పడితే ప్రమాదం, వానకి కారి మీ పెరట్లోనే నేలలో ఇంకుతుంది.

*

ప్రశ్న: రంగు పోయిన బానెట్, టాప్ నల్లగా, మిగతాది పాత ఎరుపే ఉంచుదామనుకుంటున్నాను. ఆర్‌సీలో ఏమైనా మార్చాలా?
— సోంపేట

జవాబు: ఉన్న రంగే మళ్లీ వేస్తే ఏమీ అక్కర్లేదు. రంగు మారుస్తుంటే ముందుగా రవాణా కార్యాలయంలో అడిగి, ఆర్‌సీలో రాయించుకున్నాకే గన్ను పట్టించండి. పదిహేనేళ్ల బండి రిజిస్ట్రేషన్ పొడిగింపుకి వెళ్లినప్పుడు కాగితంలో ఒక రంగు, బండి మీద ఇంకోటి ఉంటే అక్కడ టెన్షన్ మీకే.

*

ప్రశ్న: మావారు వేరే ఊళ్లో ఉద్యోగం. కారు ఆర్నెల్లుగా వాకిట్లో కవరు కప్పి ఉంది. దుమ్ము పడకుండా జాగ్రత్తగా ఉంచాననుకున్నాను. మొన్న తీస్తే టాప్ మీద, డిక్కీ అంచుల్లో తుప్పు చుక్కలు. కవరు వేసినా ఎందుకొచ్చింది?
— బరంపురం నుంచి ఒక గృహిణి

జవాబు: అమ్మా, కవరు వల్లే వచ్చింది. ప్లాస్టిక్ లాంటి కవరు కింద రాత్రి మంచు, వాన చెమ్మ చేరితే బయటికి పోదు, పగటి ఎండకి ఆవిరై మళ్లీ రేకు మీదే కూచుంటుంది. గాలికి కవరు అంచులు కొట్టుకుని, అడుగునున్న దుమ్ముతో పెయింటు రాపిడి కూడా అవుతుంది. మీరు జాగ్రత్త పడలేదని కాదు, ఆ కవరు ఈ గాలికి సరిపడదు.

గాలాడే గుడ్డ కవరైతే ఉంచండి. లేదా పైన రేకుల షెడ్డు ఉంటే కవరే వద్దు. పదిహేను రోజులకోసారి మంచినీళ్లతో కడిగి, తుడిచి, డోర్లు నాలుగూ, డిక్కీ తీసి ఒక పూట ఎండలో ఉంచండి. డిక్కీలో మ్యాటు ఎత్తి స్టెప్నీ గుంతలో చెయ్యి పెట్టి చూడండి, నీళ్లు చేరేది అక్కడే. బ్యాటరీ కింద తెల్లటి పొడి ఉంటే వంటసోడా నీళ్లతో కడగండి, ఆ ఆమ్లం అడుగునున్న రేకుని తినేస్తుంది.

మీరు రాసిన చుక్కలు ఇంకా పొక్కులు కాలేదు కాబట్టి పని చిన్నదే. గోపాలపూర్ మాస్టారికి రాసిన పద్ధతే, కాకపోతే అగ్గిపుల్ల కొలతలో. ఈ చలికాలంలోనే ముగించండి.